టపా ఎలుగు పడిన మెట్లు

ఇనపక్కకు కోపం వస్తే షాపులో ఇనుము కూడా ఓ అడుగు వెనక్కి వేస్తుందని ఆ వీధిలో అందరూ అనే మాట. గేట్లు, కిటికీ చువ్వలు, బాల్కనీ కమ్మీలు చేసే వెల్డింగు షాపు ఆమెది. అరవైకి దగ్గరపడినా భుజాలు మాత్రం పహిల్వాను భుజాలే. ఎడమ చెయ్యి ఒక్కటే మోచేతి దగ్గర పూర్తిగా చాచుకోదు. కొక్కెంలా వంగే ఉంటుంది. ఎవరైనా అడిగితే, "దేవుడు కొలత తప్పాడు" అని నవ్వేసి పనిలో పడేది.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక పెద్ద గేటుకు అతుకులు పెడుతుండగా తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. నాలుగు వీధుల అవతల మందుల షాపు నడుపుతాడు వాడు. ఎప్పుడూ కౌంటరు దాటి బయటికి రానివాడు, బట్టతల మీద చెమట కారుతున్నా తుడుచుకోకుండా గుమ్మంలో నిలబడి రొప్పుతున్నాడు.

"అక్కా, వచ్చేస్తోంది! ఈసారి ఖాయం. తేదీ కూడా వేసేశారు!"

ఏమిటి వచ్చేస్తోందని ఆమె అడగలేదు. ఏళ్ళ తరబడి వాడి నోట ఇంకో మాట లేదు. వాళ్ళ నాన్న గీసిన కార్టూన్ సినిమాలు, ఉత్తరాలూ పార్సిళ్ళూ మోసుకుతిరిగే 'టపా ఎలుగు' బొమ్మలు, ఎక్కడో గోదాములో బూజుపట్టి పడున్నాయి. ఒక కంపెనీ వాటిని బయటికి తీసి, ఒక్కొక్క బొమ్మే కడిగి, గీతలు పూడ్చి, వెలిసిపోయిన రంగులకు ప్రాణం పోసి, ఇళ్ళలో చూసుకునే డిస్కుల పెట్టెగా తెస్తామని చెప్పింది. చెప్పడం, వాయిదా వేయడం, మళ్ళీ చెప్పడం. టపా ఎలుగు అభిమానుల సంఘానికి తమ్ముడే పెద్ద. వాయిదా పడినప్పుడల్లా ఇంట్లో మనిషి పోయినట్టు గడ్డం కూడా గీసుకునేవాడు కాదు. "పెళ్ళికి ముందు నా కోసం ఇందులో పావువంతు ఎదురుచూసుంటే నా జన్మ ధన్యమయ్యేది" అని వాడి పెళ్ళాం దెప్పిపొడిచేది.

"మంచిది. కాసిని మంచినీళ్ళు తాగు ముందు" అంది ఇనపక్క.

"నీళ్ళు తర్వాత, అసలు సంగతి విను. మా ఇంట్లో అటక సర్దుతుంటే నాన్న డబ్బా ఒకటి దొరికింది. మూత మీద ఆయన చేతిరాతే, 'మెట్లు' అని. టపా ఎలుగు మెట్లమీంచి దొర్లిపడే సీను లేదూ? అది గీయడానికి ముందు నిజం మనుషులతో తీసుకున్న ఫిల్ము అన్నమాట. దాన్ని చూసే గీశాడు! కంపెనీవాళ్ళకి ఇచ్చేశాను. డిస్కులో అదనంగా అదీ పెడతారట. సంఘంలో చెప్పానో లేదో, ఎగిరి గంతులేస్తున్నారు."

నిప్పురవ్వలు ఆగిపోయాయి.

"ఎవర్నడిగి ఇచ్చావు?"

"ఎవర్నడగాలి? నాన్నదేగా..."

సుత్తి వాడి చెవి పక్కనుంచి దూసుకుపోయి వెనకున్న రేకు గోడకు తగిలింది. షాపంతా ఘల్లుమంది. గురి తప్పిందో, తప్పించిందో ఆమెకే తెలియదు. వాడు తేరుకునేలోగా ఆమె వాడి చొక్కా గుప్పిట్లో బిగించి, ఈడ్చి, గేటుకేసి కొట్టింది. పచ్చి అతుకులు తెగి గేటు పక్కకు ఒరిగి దభీమని పడింది. దాంతోపాటే వాడూ పడ్డాడు. ముంజేయి చీరుకుపోయి రక్తం బొటబొటా కారింది.

"వెళ్ళి తీసుకురా ఆ డబ్బా. ఈ క్షణమే వెళ్ళి తీసుకురా."

"నీకు పిచ్చి పట్టింది!" తమ్ముడు నేలమీద నుంచే అరిచాడు. "చచ్చి ఇన్నేళ్ళయినా ఆయన మీద నీ కక్ష చల్లారలేదు. ఆయన పేరెత్తితే చాలు, పచ్చగడ్డి వేసినా భగ్గుమంటావు. ఏం చేశాడు ఆయన నిన్ను? ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పు, ఏం చేశాడు?"

ఆమె వంగి, తెగిపడిన కమ్మీ ఒకటి ఎత్తి పక్కన పెట్టింది.

"పో" అంది చివరికి.

*

చెప్పడానికి నోరు లేని మనిషేం కాదు ఇనపక్క. వీధిలో ఎవరి తగువైనా ఆమె గొంతు ముందు ఓడిపోవలసిందే. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉండిపోయింది.

స్టూడియోలో అందరూ వాళ్ళ నాన్నను మాస్టారు అనేవారు. తాగుడు లేదు. తిట్టు లేదు. ఇంటికి రాగానే ఓ పెన్సిలు చెవిమీంచి తీసి కూర్చునేవాడు. కొట్టేటప్పుడు కూడా ఆయనకు కోపం ఉండేది కాదు. అదే భయం. చెంప ఛెళ్ళుమనిపించి, కళ్ళు చిన్నవి చేసుకుని చూసేవాడు. మెడ ఎటు తిరిగింది, జుట్టు ఎటు ఎగిరింది, కళ్ళు మూతపడడానికీ తెరుచుకోవడానికీ మధ్య మొహం ఏమయింది, అన్నీ చూసేవాడు. "కదలకు, కదలకు" అంటూ కాగితం అందుకునేవాడు. ఓసారి అమ్మ మీదికి మరిగే టీ గిన్నె విసిరి, ఆమె ముడుచుకున్న తీరును సిగరెట్టు పెట్టె వెనక గీసుకున్నాడు. ఆ బొమ్మే తర్వాత తెరమీద, పోస్టుపెట్టెలోంచి తేనెటీగలు లేచినప్పుడు ఎలుగు ముడుచుకునే బొమ్మయింది.

ఎలుగు మెట్లమీంచి పడే సీను ఆయనకు కొరుకుడుపడలేదు. వాళ్ళుండే మేడలోనే పొడుగాటి రాతిమెట్లు ఉండేవి. స్టూడియో కెమెరా తెచ్చి కింద నిలబెట్టాడు. ముందు ఇసుక బస్తా దొర్లించాడు. "బస్తా పడితే బస్తాలాగే పడుతుంది" అని విసుక్కున్నాడు. అప్పుడు కూతుర్ని పిలిచాడు. పదేళ్ళు దాటిన పిల్ల. కింది మెట్లమీంచి దొర్లమంటే దొర్లింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. ఆయనకు నచ్చలేదు.

"చేతులు అడ్డం పెడుతున్నావు. పడతానని తెలిసినవాళ్ళు పడే పడటం అది. ఎలుగుకి తెలియదుగా!"

మర్నాడు ఎంతో ముద్దుగా పిలిచి, "పైమెట్టు కిటికీలో నా కళ్ళజోడు మర్చిపోయాను, తెచ్చిపెట్టు తల్లీ" అన్నాడు. ఆ ముద్దుకే పిల్ల పరుగున ఎక్కింది. కళ్ళజోడు దొరికింది. దొరికిందని చెబుదామని నవ్వుతూ ఇటు తిరిగి, మెట్టు అంచున కాలు పెట్టింది. ఎప్పుడు వెనకాలే ఎక్కి గోడవార నక్కాడో, నాన్న అరచెయ్యి ఆమె వీపు మీద పడింది.

మొదటి మెట్టు పళ్ళకు తగిలింది. తర్వాతి మెట్టు నడుముకు తగిలింది. ఆకాశం కిందా నేల పైనా అయి, మళ్ళీ మారి, ఎక్కడో మధ్యలో ఎడమ చెయ్యి ఒంటికింద పడి ఎండుకట్టె విరిగినట్టు ఫెళ్ళుమంది. కింద గచ్చు మీద మొహం ఆనించి పడి ఉన్నప్పుడు కెమెరా గర్రుమంటూనే ఉంది. కెమెరా వెనక ఎవరున్నారో ఆమె చూసింది. ఆ సంగతి ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

సినిమాలో టపా ఎలుగు అచ్చం అలాగే పడింది. లేచి చూసుకుంటే చెయ్యి వెనక్కి తిరిగిపోయి ఉంటుంది. రెండో చేత్తో పట్టుకుని 'టక్'మని సరిచేసుకుని, ఎదురుగా ఉన్నావిడకు సలాం కొట్టి ఉత్తరం అందిస్తుంది. హాలు నవ్వుతో దద్దరిల్లింది. కట్టు కట్టిన చేత్తో ముందు వరసలో కూర్చుని ఆ నవ్వు వింది పిల్ల. పక్కనే నాన్న తెర వైపు చూడకుండా వెనక్కి తిరిగి జనాన్ని చూస్తున్నాడు. "చూశావా, ఎలా నవ్వుతున్నారో" అని ఆమె మంచి చేతిలో ఓ చాక్లెట్టు పెట్టాడు. ఆ తర్వాత చాలా కాలం ఊళ్ళో ప్రతి బడిలో పిల్లలు మోచెయ్యి పట్టుకుని 'టక్'మనేవారు.

అప్పటికి తమ్ముడు ఉయ్యాలలో ఉన్నాడు. వాడికి మాటలు వచ్చేలోపే నాన్న బొమ్మల బల్ల మీద తల వాల్చి పోయాడు. నాన్న మొహం ఎరగని పిల్లాడికి ఎలుగు మొహమే నాన్న మొహమయింది. అమ్మ కూడా వాడికి మంచి మాటలే చెప్పింది. ఇనపక్క అడ్డు చెప్పలేదు. తండ్రి లేని పిల్లాడికి ఓ ఎలుగైనా ఉండనీ అనుకుంది.

*

మర్నాడు పొద్దున్నే ఆమె కంపెనీవాళ్ళ పనిగదికి వెళ్ళింది. తలుపు తీయగానే వెనిగర్ సీసా పగిలినట్టు ఘాటు వాసన. చేతులకు తెల్ల తొడుగులు వేసుకున్న అమ్మాయి ఒకతి ఎదురొచ్చింది. పాత ఫిల్ములు బాగుచేసేది ఆమే.

"మాస్టారి అమ్మాయి మీరేనాండీ?" అని అడిగి, చూపు ఆ వంకర చేతి మీద ఒక్క క్షణం నిలిపి, వెంటనే తిప్పుకుంది. "మీకు కబురు చేద్దామనే అనుకుంటున్నాను. ఆ డబ్బాకి ఇంకా కాపీ తీయలేదండీ. చేతులు రాలేదు."

"చూపించు."

కింద దీపం వెలిగే గాజుబల్ల మీద అమ్మాయి ఫిల్ము పరిచింది. పైన భూతద్దం పెట్టింది. ఇనపక్క ఒంగి చూసింది. చిన్న చిన్న బొమ్మలు వరసగా కనబడ్డాయి. రాతిమెట్లు. గౌను. రెండు జడలు. చేతిలో కళ్ళజోడు ఎత్తి చూపిస్తున్న పిల్ల.

ఆ పిల్ల నవ్వుతోంది. నాన్నకు పనికొచ్చానన్న సంతోషం మొహమంతా పరుచుకుని ఉంది. దెబ్బ గుర్తుంది, చప్పుడు గుర్తుంది, నెత్తురు రుచి గుర్తుంది. ఆ నవ్వు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

పిడికిలి ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియదు. గాజుబల్ల మధ్యలో పడింది. బల్ల నిలువునా పగిలింది. దీపం ఆరిపోయింది.

అమ్మాయి కేకలు వేయలేదు. గాజు ముక్కల్లోంచి ఫిల్మును జాగ్రత్తగా ఎత్తి చుట్ట చుట్టింది. "ఇది నటన కాదు కదండీ?" అని అడిగింది.

"కాదు."

"డబ్బా మీ కుటుంబానిది. తీసుకెళ్ళండి. మీ అక్కాతమ్ముళ్ళు ఒక మాట మీదికి వచ్చాకే మళ్ళీ నా దగ్గరికి తీసుకురండి. వద్దంటే డిస్కులో ఉండదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఈ వాసన ఫిల్ము కుళ్ళిపోతున్న వాసన. ఎక్కువకాలం ఆగితే బొమ్మే మిగలదు."

"కుళ్ళిపోనీ" అంది ఇనపక్క. డబ్బా చంకన పెట్టుకుని బయటికొచ్చింది.

షాపుకు తీసుకెళ్ళి నిప్పు పెడితే చిటికెలో బూడిద. దారిలో ఆ ఆలోచన రాకపోలేదు. కానీ దొంగచాటుగా కాలిస్తే తమ్ముడి కళ్ళలో దోషి తనే అవుతుంది. ఎదురుగా నిలబడి వద్దని చెబుదాం, కారణం అడిగితే చెప్పను పొమ్మందాం అనుకుని వాడింటి దారి పట్టింది.

*

తమ్ముడింట్లో ముందుగది గోడల నిండా ఎలుగే. గోడ మీద ఎలుగు, గడియారంలో ఎలుగు, కాళ్ళు తుడుచుకునే పట్టా మీద కూడా ఎలుగే. కిటికీ పక్క కుర్చీలో, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, అమ్మ. తమ్ముడు ముంజేతికి కట్టుతో ఉన్నాడు. అక్క చంకలో డబ్బా చూడగానే లేచాడు.

"దొంగిలించుకొచ్చావా?"

"ఇది బయటికి రాదు. అంతే. ఇంకేమీ అడక్కు."

"ఎందుకు రాదు? ఎన్నేళ్ళు కాచుకుని ఉన్నానో తెలుసా నీకు? నాన్న గొంతు వినలేదు నేను. నాన్న వేలు పట్టుకోలేదు. నాన్న మనిషిగా కదులుతుండగా చూసే అవకాశం ఆ డబ్బాలో ఒక్కదాంట్లో ఉంది. ఇవ్వు!"

వాడు లాగాడు. ఆమె వదల్లేదు. వాడు ఆమె చెంప మీద కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క మీద చెయ్యెత్తడం అదే మొదలు. ఆమె తల పక్కకు తిరిగింది. తిరిగినంత వేగంగానూ వెనక్కి వచ్చి ఇనుము వంచే పిడికిలితో వాడి ముక్కు మీద గుద్దింది. ముక్కుదూలం చిట్లిన చప్పుడు వినిపించింది. ఇద్దరూ కలిసి టీపాయి మీద పడ్డారు. గడియారం ఊడిపడి పగిలింది. వాడు ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఆమె మోకాలు వాడి కడుపులో దిగింది. "వదినా, వద్దు! ఏమండీ, వదలండి ఆవిణ్ణి!" అంటూ వంటింట్లోంచి వచ్చిన మరదలు ఇద్దరి మధ్య దూరబోయి, ఎవరి మోచెయ్యో తగిలి గోడకు కొట్టుకుంది.

డబ్బా మూత ఊడింది. ఫిల్ము చుట్ట నేలంతా పాములా విప్పుకుంది.

"చూడు!" తమ్ముడు ఓ మూర ఫిల్ము లాక్కుని కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. ముక్కులోంచి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. "ఏముందని ఇందులో? ఓ పిల్ల ఆడుకుంటోంది. నువ్వే! నవ్వుతున్నావు కూడా! మన నాన్న మహా..."

వెలుగుకెదురుగా ఎత్తిపట్టిన ఫిల్ము మీద వాడి కళ్ళు ఒక్కొక్క బొమ్మే కిందికి దిగాయి. నవ్వే పిల్ల. వెనక మనిషి. చెయ్యి. పిల్ల గాలిలో. చెయ్యి ఇంకా చాచే ఉంది. మనిషి మొహం శ్రద్ధగా ముందుకు వంగి చూస్తోంది. వాడు ఇంకా కిందికి దిగాడు. ఓ బొమ్మ దగ్గర ఆగిపోయి, మెల్లగా తిరిగి, అక్క ఎడమ చెయ్యి వంక చూశాడు.

వాడి చేతిలోని ఫిల్ము కిందికి వాలింది.

"పైన ఉన్నది నాన్న" అన్నాడు వాడు. "మరి కింద కెమెరా ఎవరు పట్టుకున్నారు?"

"అడక్కన్నానా!" ఇనపక్క అరిచింది. "ఎవరో స్టూడియో మనిషి. వదిలెయ్."

"నేనే" అంది అమ్మ.

ఆమె అంతవరకూ కుర్చీలోంచి కదల్లేదు. దుప్పటి అంచు రెండు చేతులతో మెలిపెడుతోంది.

"మీట నొక్కి ఉంచమన్నాడు. నొక్కాను. తోస్తాడని తెలియదంటే అబద్ధం. ఆ కళ్ళజోడు మాట అన్నప్పుడే తెలిసింది. పిల్ల పడుతోంది. నా వేలు మీట మీదే ఉంది." ఆమె దుప్పటి వదిలి, ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుంది. "పరుగెత్తి పట్టుకోవచ్చు. కానీ వేలు తీస్తే బొమ్మ ఆగిపోతుంది. బొమ్మ ఆగితే మళ్ళీ తోస్తాడు. అది నాకు తెలుసు. అందుకని ఆఖరిదాకా నొక్కే ఉంచాను. అది కిందపడి మూలుగుతున్నా నొక్కే ఉంచాను. ఒక్కసారితో అయిపోవాలని."

ఇనపక్క గోడకు ఆనుకుంది. కెమెరా వెనక అమ్మ ఉందని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. ఎందుకు ఆపలేదో మాత్రం ఇవాళే తెలిసింది. తెలిసినందుకు మనసు తేలికపడిందా, ఇంకా బరువెక్కిందా అంటే, ఆ క్షణంలో ఆమె చెప్పలేకపోయేది.

తమ్ముడి గొంతులోంచి మనిషి చప్పుడు కానిదేదో వచ్చింది. గోడమీది బొమ్మలను రెండు చేతులా పీకి చింపాడు. పటాలు నేలకేసి కొట్టాడు. మందుల పెట్టెలు తెరిచే కత్తెర బల్ల మీద ఉంటే అందుకుని, ఫిల్ము మీద పడ్డాడు. కచకచా కోయడం మొదలుపెట్టాడు.

"ఉండకూడదు! ఇది లోకంలో ఉండకూడదు!"

నిన్నటినుంచీ అదే కోరుకున్న ఇనపక్క, ఏం చేస్తోందో తెలియకుండానే వాడి మీదికి దూకింది. కత్తెర మధ్య చెయ్యి పెట్టింది. అది అరచేతిలో ఎముకదాకా దిగింది. అయినా వదల్లేదు.

"అది నాది!" అంది పళ్ళు బిగబట్టి. "ఆయనది కాదురా, నాది. దేశం దేశమంతా నవ్వింది. నేను నిజంగా పడ్డానని చెప్పడానికి నాకు ఇంకేముంది?"

కత్తెర వాడి చేతిలోంచి జారింది. అక్క చేతినుంచి కారుతున్న నెత్తురు చూసి వాడు పసిపిల్లాడిలా బావురుమన్నాడు. ఏడుస్తూనే అలమరలోంచి దూదీ మందూ తీసి కట్టు కట్టాడు. కట్టడం మాత్రం చెయ్యి వణక్కుండా కట్టాడు. ముక్కునుంచి కారే రక్తం తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. అది మరదలు తుడిచింది.

*

ఫిల్ములు బాగుచేసే అమ్మాయి తెగిన ముక్కలన్నీ అతికి, కాపీ తీసి, డబ్బా ఇనపక్క చేతికిచ్చింది. ఆ ఫిల్ము డిస్కులో ఉండదు. అది చూసి మళ్ళీ ఎవరైనా నవ్వితే తను ఊరుకోలేనని ఇనపక్క అంది. కానీ ఎలుగు పడే సీనును ఎవరు తీసేయగలరు? దాని కోసమే జనం ఇన్నాళ్ళూ కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు.

"అమ్మకాలు మొదలయ్యే రోజు నేను మాట్లాడాలి" అన్నాడు తమ్ముడు. "చెప్పేస్తాను. అమ్మ సంగతి చెప్పను. అది నీ ఇష్టం."

"తంతారు నిన్ను."

"తన్ననీ."

తన్నారు. ఆ రోజు డిస్కుల దుకాణం ముందు వరస వీధి మలుపు దాటింది. తలకు ఎలుగు చెవులు తగిలించుకున్నవాళ్ళు, తపాలా సంచులు వేసుకున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు. లోపలి హాలులో తమ్ముడు మైకు అందుకోగానే చప్పట్లతో కప్పు లేచిపోయింది. వాడు కాగితం చూడకుండా, తడబడుతూ, ఆ పడటం ఎవరిదో చెప్పాడు. ఎలా తీశారో చెప్పాడు. మొదట నవ్వారు, హాస్యమనుకుని. తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. చివరికి వెనకనుంచి ఒకడు అరిచాడు:

"అబద్ధం! పేరు కోసం సొంత తండ్రి మీదే బురద చల్లుతున్నాడు!"

"మా చిన్నతనంలో మాకున్నది అదొక్కటేరా! దాన్నీ పాడు చేస్తావా?" అని ఇంకొకడు ఏడుపు గొంతుతో అన్నాడు. అన్నవాడే కుర్చీ విసిరాడు.

కుర్చీ తమ్ముడి భుజానికి తగిలింది. ముగ్గురు నలుగురు వేదిక ఎక్కారు. అప్పుడప్పుడే మానుతున్న ముక్కు మీద ఒకడు గుద్దాడు. కింద పడ్డవాణ్ణి ఇంకొకడు డొక్కలో తన్నాడు. తన్నుతున్నవాడి తలమీద ఎలుగు చెవులు ఊగుతున్నాయి. అంతే, ఇనపక్క జనాన్ని చీల్చుకుని వచ్చింది. వంకర చెయ్యి ఒకడి మెడచుట్టూ వేసి బిగించి వెనక్కి లాగింది. ఆ చేతిలో చిక్కినవాడు గింజుకోవడమే తప్ప ఊడిరాలేకపోయాడు. రెండోవాడి దవడ పళ్ళు కదిలేలా పగిలింది. ఆమె నుదుటి మీద ఏదో పగిలి కళ్ళలోకి నెత్తురు దిగింది. దుకాణం కాపలావాళ్ళు వచ్చి విడదీసేసరికి వేదికంతా డిస్కుల పెట్టెలు చెల్లాచెదురు.

బయటికి వస్తుంటే తలుపు దగ్గర తల నెరిసిన ఒకావిడ అడ్డొచ్చింది. చేతిలో కొత్త డిస్కుల పెట్టె ఉంది. "పడ్డది మీరేనా అమ్మా?" అంది. అవునంది ఇనపక్క. "నేను చాలా నవ్వానమ్మా" అని ఆవిడ ఇంకేం అనాలో తెలియక, పెట్టె వెనక్కి ఇవ్వాలో ఇంటికి తీసుకెళ్ళాలో తెలియక, అక్కడే నిలబడిపోయింది.

*

తమ్ముణ్ణి ఇంటికి చేర్చి పడుకోబెట్టాక అమ్మ పిలిచింది. ఇద్దరే ఉన్నారు గదిలో.

"నా సంగతి కూడా చెప్పాడా?"

"లేదు."

"చెప్పాల్సింది." అమ్మ ఎండిన చెంప ముందుకు చాచింది. "ఒక్క దెబ్బ కొట్టవే. ఆ రోజునుంచీ కాచుకున్నాను. నువ్వు కొట్టవు, తిట్టవు. ఒక్కటి కొట్టు, నా గుండె తేలికవుతుంది."

ఇనపక్క చెయ్యి నిజంగానే లేచింది. రోజంతా కొట్టీ కొట్టీ ఉన్న చెయ్యి అది, ఇంకో దెబ్బకు వెనకాడేది కాదు. ముసలామె కళ్ళు గట్టిగా మూసుకుంది. గట్టిగా మూసుకున్న ఆ కళ్ళు, నాన్న టీ గిన్నె విసిరిన రోజు చూసినవేనని తోచి, ఇనపక్క చెయ్యి దించేసింది.

"నీ గుండె తేలికవడానికి కూడా నా చెయ్యే కావాలా అమ్మా?"

అమ్మ కళ్ళు తెరిచింది.

"రేపు వస్తాను. కాళ్ళకు ఆ మందు రాసుకోవడం మర్చిపోకు" అని లేచింది ఇనపక్క. వస్తానో రానో అప్పటికి ఆమెకే తెలియదు. మర్నాడు వెళ్ళింది. పెద్దగా మాటలేం జరగలేదు. ఆ మర్నాడూ వెళ్ళింది.

తమ్ముడు సంఘానికి రాజీనామా చేశాడు. వాళ్ళు అంతకుముందే వాణ్ణి తీసేశామన్నారు. ముక్కు కొంచెం వంకరగానే అతుక్కుంది. డిస్కులు బాగానే అమ్ముడుపోయాయి. కొన్నాళ్ళకు ఓ సాయంత్రం వాడు షాపుకు వచ్చి, ఇనుప కడ్డీల దొంతర మీద కూర్చున్నాడు.

"చూశానక్కా" అన్నాడు. "చూడకూడదనే అనుకున్నాను. ఆగలేకపోయాను."

"ఎలా ఉంది?"

"బాగుంది." వాడు కడ్డీ మీద తుప్పును గోటితో గీకాడు. "రంగులు ఎంత బాగా వచ్చాయో చెప్పలేను. ఒక్కొక్క గీత ఇప్పుడే గీసినట్టుంది. పడినప్పుడు నాకు... నవ్వొచ్చిందక్కా. అంత తెలిసీ నవ్వొచ్చింది. చాలా బాగుంది, అదే నా ఏడుపు."

ఇనపక్క కళ్ళద్దాలు దించుకుంది.

"అయితే ఏడువు. ఈ చప్పుడులో ఎవరికీ వినపడదులే" అని, ఇనుము కోసే మిషను మీట నొక్కింది.